మేము పట్టుకోని చేయి

ఉట్నూరు ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు మేము కబడ్డీ జట్టులో ఆడేవాళ్ళం. ఏడుగురిలో ఆరుగురం గోండు పిల్లలం. ఎడమ కార్నర్‌లో ఆడే అమ్మాయి ఒక్కతే కొలాం. ఆమె చీలమండ పట్టిందంటే కూతకు వచ్చినవాళ్ళు మళ్ళీ గీత తాకడం కష్టం.

ఆమెను మేము ఏడిపించాం. కొట్టలేదు, తిట్టలేదు. అందుకే అది తప్పని మాకు అనిపించలేదు. భోజనానికి ఆమె పక్కన కూర్చునేవాళ్ళం కాదు. ప్రాక్టీసులో ఆమెతో జంట కట్టేవాళ్ళం కాదు. చెల్లెలితో ఆమె కొలామిలో మాట్లాడితే వెక్కిరించేవాళ్ళం. ఆమె ఎదుటే ఆమె గురించి గోండిలో చెప్పుకొని నవ్వేవాళ్ళం. మాలో ఇద్దరికి ఇది నచ్చేది కాదు. తమనూ దూరం పెడతారని వాళ్ళూ నవ్వేవాళ్ళు.

మా తెలుగులో గోండి యాస విని కొందరు నవ్వినప్పుడు మేమూ దుప్పటి కప్పుకొని ఏడ్చినవాళ్ళమే. మా ఊళ్ళలో కొన్ని పూజలకు కొలాం పూజారినే పిలుస్తారు. ఆయన ముందు మా పెద్దలు తల వంచుతారు. ఆ తెగ పిల్ల పక్కన మాత్రం మేము కూర్చోలేదు.

కబడ్డీలో కార్నర్, ఆ పక్కనుండే ఇన్ చేతులు పట్టుకొని చైన్ కడతారు. బాలికల కోర్టు వెడల్పు 8 మీటర్లే అయినా, ఆ చేతులు విడిపోతే రైడర్‌కు దారి దొరుకుతుంది. ఒక పోటీలో ఇన్‌లో ఉన్న మా అమ్మాయి ఆమె చేయి పట్టుకోలేదు. ఆమె ఒక్కతే పట్టు వేసింది. రైడర్ విడిపించుకొని పోయింది. ఓడిపోయాం. తప్పంతా ఆమెదేనని బస్సులో గోండిలో అనుకుంటున్నాం. ఆమె వెనక్కి తిరిగి గోండిలోనే అంది: "నేను చేయి చాపాను. మీరే పట్టుకోలేదు."

ఆమెకు గోండి మొదటి నుంచీ వచ్చు. అన్నీ విన్నది. మాకు మాత్రం కొలామి ఒక్క ముక్క రాదు.

దీపావళికి, దండారి అని ఇంటికి వెళ్ళి ఆమె తిరిగి రాలేదు. చెల్లెలూ రాలేదు.

పీఈటీ మేడం మమ్మల్ని తిట్టలేదు. ఎడమ కార్నర్ ఖాళీగా ఉంచి వారం రోజులు ఆరుగురినే ఆడించారు. ప్రతి కూతా అటే వచ్చింది. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి "నువ్వేం చేశావు?" అని అడిగారు. అందరి ముందు అడిగుంటే ఒకరి మీద ఒకరం తోసేసేవాళ్ళం. ఆదివారం మాలో ఇద్దరిని వెంటబెట్టుకొని వాళ్ళ గూడేనికి వెళ్ళారు. అక్కడ మా తప్పు చెప్పుకున్నాం. వాళ్ళ అవ్వ జొన్నరొట్టె పెట్టింది. ఆమె ఒక్కటే అడిగింది: "నా చెల్లెలిని కూడా ఇట్లనే అంటారా?"

పది రోజులకు ఇద్దరూ వచ్చారు. అప్పటి నుంచి ప్రాక్టీసులో జంటలను చీటీలు తీసి కట్టేవారు. ఓడిన రోజు ఎవరి పొరపాటు వాళ్ళే ముందు చెప్పాలి. మేము వెంటనే స్నేహితులం కాలేదు. మమ్మల్ని నమ్మడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. ఆ ఏడాది ఏ కప్పూ గెలవలేదు. చైన్ మాత్రం మళ్ళీ తెగలేదు.

టీచర్లకు ఒక మాట. జంటలు కట్టమన్నప్పుడు రోజూ ఎవరు మిగిలిపోతున్నారో చూడండి. ఆ పిల్ల మీ దగ్గరికి వచ్చి చెప్పే దాకా ఆగకండి.

చెల్లెళ్ళకూ ఒక మాట. అందరూ ఒకరిని చూసి నవ్వుతుంటే మీరు నవ్వకండి. ఆ రోజుల్లో మాలో ఒక్కరు "ఇక చాలు" అన్నా, మిగతావాళ్ళం ఆపేసేవాళ్ళమేమో.