సార్ నుంచి భాయ్ దాకా

ఇల్లు మారాలంటే అందరూ ఏం చూసుకుంటారు? కిరాయి ఎంత, నీళ్లు సరిగా వస్తాయా, బడి ఎంత దూరం, ఆఫీసుకు బస్సుందా? మేమూ అవన్నీ చూసుకుంటాం. కానీ వాటన్నిటికంటే ముందు ఇంకో ప్రశ్న మా కోసం గడపలోనే కాచుకొని ఉంటుంది. మీ పేరేంటి?

మాది యాకుత్‌పురా. 1948 పోలీసు చర్య తర్వాత జహీరాబాద్ వైపు పల్లె వదిలి పట్నం చేరిన కుటుంబం. మూడు తరాలుగా అదే గల్లీ, కిరాయి ఇల్లే. ఇల్లు ఇరుకు, మొహల్లా విశాలం. మా ఇంట్లో కూర లేని రోజు పక్కింటి ఖాలా గిన్నె పంపేది. మా చిన్నప్పుడు ఆ గల్లీలో హిందువుల ఇళ్లూ ఉండేవి. బతుకమ్మకు పూలేరుకు రావడానికి మేమూ పోయేవాళ్లం. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత ఆ ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. వాళ్లు భయపడి అటు పోయారు. మావాళ్లు భయపడి ఇటొచ్చారు. ఇప్పుడు మా మొహల్లాను చూపించి, మీరంతా ఒక్కచోటే ఎందుకు గుంపు కడతారని మమ్మల్నే అడుగుతారు.

గల్లీ వదలాలని మాకేం సరదా లేదు. బేటీకి గచ్చిబౌలిలో ఉద్యోగమొచ్చింది. 1998లో సైబర్ టవర్స్ లేచినప్పటి నుంచి నగరంలోని కొలువులన్నీ పడమటికి జరుగుతూ పోయాయి. మెట్రో రైలు ఎంజీబీఎస్ దాకా వచ్చి పాతబస్తీ ముంగిట్లోనే ఆగింది. పిల్ల రెండు బస్సులు మారి, రోజుకు నాలుగు గంటలు రోడ్డు మీదే గడిపేది. రాత్రి తొమ్మిది దాటితే ఇంటిల్లిపాదీ వాకిట్లోనే. అందుకని కదలాలనుకున్నాం. అమ్మీ ఒకే మాట అడిగింది. 'జనాజా మోయడానికి నలుగురు దొరికే చోటేనా?'

మణికొండ, కొండాపూర్, నల్లగండ్ల తిరిగాం. రెండు గదుల ఫ్లాటుకు 28 వేలు, మెయింటెనెన్స్ వేరే. మాకున్న జీతానికి అది బరువే అయినా బేటీ జీతం కలిపి లెక్క సరిచేసుకున్నాం. లెక్కకు రానిది వేరే ఉంది.

మేం తెలుగు పత్రికల్లో పనిచేసినవాళ్లం. ఫోన్లో మా తెలుగు విని బ్రోకరు సార్ సార్ అంటాడు. ఫ్లాటు ఖాళీగా ఉంది సార్, ఈస్ట్ ఫేసింగ్ సార్, రేపే చేరొచ్చు సార్. పేరు చెప్పగానే సార్ కాస్తా భాయ్ అయిపోతాడు. 'భాయ్, ఓనర్ని ఒకసారి అడిగి చెప్తా.' ఆ ఫోన్ మళ్లీ రాదు. ఒకచోట వెజిటేరియన్లకే ఇస్తామన్నారు. ఆదివారం పూట అదే అపార్టుమెంటు మెట్లెక్కుతుంటే మూడు తలుపుల వెనక నుంచి మటన్ మసాలా ఘాటు. ఇంకోచోట ఇల్లుగలాయన, పెద్దమనిషి, నిజంగానే బాధపడ్డాడు. 'నాకేం అభ్యంతరం లేదు బాబూ, అసోసియేషన్ వాళ్లే ఒప్పుకోరు' అన్నాడు. ఆ అసోసియేషన్ వాళ్లను అడిగితే ఓనర్ ఇష్టమన్నారు.

అన్నిటికంటే మెచ్చుకోలే ఎక్కువ గుచ్చుకుంది. 'మీరు ముస్లింలంటే నమ్మలేం, తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారు!' అమ్మా, తెలుగు మేం కిరాయికి తెచ్చుకున్నది కాదు. ఖాళీ చేయమంటే చేసి పోయేదీ కాదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండూ మావే.

దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలో ఉంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దగ్గర మతం పేరిట ఎవర్నీ అడ్డుకోరాదని 15వ అధికరణ చెప్పింది. కిరాయి ఇంటి గడప పేరు ఆ వరసలో లేదు. పార్సీల గృహనిర్మాణ సంఘం సభ్యత్వాన్ని తమవారికే పరిమితం చేసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నచ్చిన చోట ఇల్లు కొనడం, కిరాయికి తీసుకోవడం ముస్లింలకు నానాటికీ కష్టమవుతోందని 2006లో సచార్ కమిటీ రాసింది. ఆ రోజు డెస్కులో కూర్చొని ఆ నివేదికను తెలుగులోకి తర్జుమా చేశాం. అప్పుడది వార్త. ఇప్పుడు మా ఇంటి సంగతి.

మణికొండలో మమ్మల్ని కాదన్న చోటుకు దగ్గర్లోనే హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. కుతుబ్ షాహీల కాలంలో హుస్సేన్ సాగర్ నిర్మాణం చూసిన మనిషి ఆయన. చెరువుకు ఆయన పేరే నిలిచింది. దర్గా చుట్టూ 1,654 ఎకరాలు వక్ఫ్ భూమి అని బోర్డు వాదించింది. సర్కారుదేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. భూమి ఎవరిదన్న తగవు అలా తెగిపోయింది. ఈ ఊరికి నీళ్లు నిలిపినవాడి పేరు పెట్టుకున్న మనిషికి ఇక్కడ రెండు గదులెందుకు దొరకవన్న తగవు ఏ కోర్టుకు పోవాలి?

చివరికి టోలిచౌకి చేరాం. బేటీ ఇప్పుడు గంటలోపే ఆఫీసుకు పోతోంది. అమ్మీకి అజాన్ వినిపిస్తోంది, ఖబరస్తాన్ దూరం కాదు. కిరాయి మాత్రం తక్కువేం కాదు. అక్కడ కాదన్నవాళ్లందరూ ఇక్కడికే వస్తే ఇక్కడి గోడలకు ధర పెరగదా? కాదన్నది వాళ్లు, పైకం కట్టేది మేం.

కొడుకు తొమ్మిదో తరగతి. ఈ మెట్ల మీద ఎదురయ్యేవాళ్లంతా వాడిలాంటి పేర్లవాళ్లే. బతుకమ్మ పూలు వాడికి టీవీలోనే తెలుసు. అటువైపు అపార్టుమెంటులో వాడి ఈడు పిల్లవాడికి రంజాన్ కూడా టీవీలోనే తెలుసు. రేపు ఎవడైనా వచ్చి ఒకడి మీద ఇంకొకడికి ఏది చెప్పినా నమ్ముతారు. అబద్ధమని చెప్పడానికి పక్కిల్లు ఉండదు.

మీ మొహల్లా మీరు ఎంచుకున్నారు కదా అంటారు. ఏడు తలుపులు మూసి ఎనిమిదోది తెరిస్తే అందులోకి పోవడాన్ని ఎంచుకోవడం అంటారా?

బేటీ ఆఫీసు పక్కనే ఉండాలన్న ఆశ మేం వదులుకోలేదు. మీ గేటుకు టులెట్ బోర్డు వేలాడితే ఫోన్ చేస్తాం. ఈసారి పేరు ముందే చెప్పి, ఆ తర్వాతే కిరాయి ఎంతని అడుగుతాం.