రన్నరుగారి అబ్బాయి

మా కాలేజీలో నాకొక బిరుదు ఉంది: "పరుగుల మాస్టారు". ఎవరు పెట్టారో తెలియదు గాని, అటెండరు మొదలు ప్రిన్సిపాలుగారి దాకా అందరూ దాన్నే వాడుతున్నారు. తెలుగు పాఠం చెప్పేవాడు, అందులోనూ నలభై ఆరేళ్ళవాడు, తెల్లవారుజామున నాలుగున్నరకు నిక్కరు తొడుక్కుని వీధిన పడి పరుగెత్తితే చూసినవాళ్ళు మరేం పేరు పెడతారు, చెప్పండి! మొదట్లో కుక్కలు తరిమేవి. ఇప్పుడవి కూడా ఒక కన్ను తెరిచి చూసి, "ఈయనా!" అన్నట్టు మళ్ళీ పడుకుంటున్నాయి.

ఇంతకీ నేను మనవి చేయదలచిన సంగతి, ఇటీవల నా ఇరవయ్యో మారథాన్ పూర్తి చేశాను. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. పాత లెక్కన 26 మైళ్ళ 385 గజాలు. ఈ చిల్లర గజాలేమిటని అడుగుతారు కాబోలు. 1908లో లండన్ ఒలింపిక్సులో పందెం విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్నచోటికి ఎదురుగా ముగించారు. అప్పుడు తేలిన ఆ దూరమే 1921లో స్థిరపడింది. దొరలు కూర్చున్న కుర్చీల కోసం వేసిన కొలతకు ఇక్కడ నా మోకాళ్ళు పన్ను కడుతున్నాయన్నమాట.

ఇరవైలో ఒక్కదానికీ బహుమతి రాలేదు. రాదు కూడా. నేను అయిదు గంటల మనిషిని. మా ఆవిడ మొదట్లో "ఎన్నో స్థానమండీ?" అని ఆత్రంగా అడిగేది. ఒకసారి నాలుగంకెల సంఖ్య చెప్పాను. అంతటితో అడగడం మానేసింది.

మరి ఇందులో సుఖమేమిటి? 2019 జనవరిలో ముంబయిలో పరుగెత్తాను. సముద్రంమీది వంతెన దాటి, తిరిగి వస్తూ ఉంటే సుమారు 35వ కిలోమీటరు దగ్గర పెద్దర్ రోడ్డు ఎక్కుడు వస్తుంది. ఒంట్లో దాచుకున్న చక్కెర అప్పటికే అడుగంటుతుంది. పిక్కలు రాళ్ళవుతాయి. నేనెందుకు పుట్టానా అనిపిస్తుంది. సరిగ్గా అక్కడ, గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ఒక ముసలావిడ కమలాతొన నా నోటికి అందించింది. ఆమె ఎవరో, నేనెవరో! ఆ పులుపు నాలుకకు తగలగానే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. భరతుడు చెప్పిన 33 సంచారి భావాలలో శ్రమ ఒకటి, హర్షం ఒకటి. ఏళ్ళ తరబడి పిల్లలకు వాటిని వేర్వేరుగానే చెబుతూ వచ్చాను. ఆ ఎక్కుడుమీద మాత్రం ఏది ఏదో విడదీయడం నాకు చేతకాలేదు.

అయితే ఈ ఆనందంలో నాకొక ముల్లు ఉండేది. అది మా నాన్న.

మా నాన్న తపాలాశాఖలో రన్నరు. నేను ముచ్చటకు పెట్టిన పేరు కాదు, ఆ ఉద్యోగాన్ని అలాగే పిలిచేవారు. శ్రీకాకుళం జిల్లాలో, మా ఊరి చిన్న పోస్టాఫీసుకూ పెద్ద ఊరి ఆఫీసుకూ మధ్య అయిదు మైళ్ళు. పొద్దున పోనూ, మధ్యాహ్నం రానూ, భుజాన టపా సంచి. దారిలో ఒక గెడ్డ. వానాకాలం అది పొంగితే సంచి నెత్తిన పెట్టుకుని పీకల్లోతు నీళ్ళలో దాటేవాడు. అందులో ముసలివాళ్ళ మనియార్డర్లు ఉండేవి మరి. ఆ జీతంతోనే నేను ఎమ్మే చదివాను. ఆయన మడమల పగుళ్ళలో మా అమ్మ ఆముదం రాయడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

అటువంటి మనిషికి, నేను పదిహేను వందలు రుసుము కట్టి పరుగెత్తుతానని తెలిసిన రోజున, చాలాసేపు నావంక చూసి, "డబ్బులెట్టి మరీ పరిగెట్టడమేట్రా? సంచీ లేకుండానా?" అన్నాడు.

అంతే. మళ్ళీ ఎత్తలేదు. కాని ఆ మాట నా వెంట చాలా పందాలు పరుగెత్తింది. ఆయన పొట్టకోసం అరగదీసిన కాళ్ళను నేను వేడుకకు ఖర్చుచేస్తున్నానా అని, పతకాలు బీరువాలో చీరల కింద దాచేవాణ్ణి.

ఇరవయ్యోది విశాఖలో, నౌకాదళంవారు నడిపే పందెం. నాన్నకు 78 ఏళ్ళు. మా యింట్లోనే ఉంటున్నాడు. రమ్మని అడిగే ధైర్యం లేక అడగలేదు. తీరా బీచి రోడ్డుమీద, జలాంతర్గామి మ్యూజియం దాటాక చూద్దునుగదా, తువ్వాలు తలకు చుట్టుకుని, మా అబ్బాయి భుజంమీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో మజ్జిగ సీసా.

పందెం ముగించి వచ్చి పక్కన చతికిలబడ్డాను. నాన్న నా బూట్లవంక చూశాడు. కాసేపు సముద్రంవంక చూశాడు.

"గెడ్డ దాటీసినాక రెండు ఫర్లాంగులు దిగుడుండేది, గుర్తుందా?" అన్నాడు. "అక్కడ పరిగెట్టీవోణ్ణి. తొందరేటీ లేదు. ఊరికినే. ఎవులూ చూడకుండా."

నలభై ఆరేళ్ళుగా ఆయన కొడుకుని. ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"బాగుండేదా నాన్నా?" అన్నాను.

జవాబు చెప్పలేదు. నా మెడలోంచి పతకం తీసి, అరచేతిలో ఆడించి బరువు చూసి, తన చొక్కా జేబులో వేసుకున్నాడు. "మజ్జిగ తాగు. ఉప్పు ఎక్కువేయించినాను," అన్నాడు.