బీడు మీద గుడ్లు పెట్టే పిట్టలు

మదనపల్లె

అక్కా,

హిందూపురం దగ్గరి వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కడతాయి, ఊరంతా వాటిని కాపాడుతుంది. తీతువుకు ఆ భాగ్యం లేదు. మార్చి నుంచి ఆగస్టు లోపల, బీడులోనో చెరువు ఎండిన అంచునో చిన్న గుంట చేసి, మట్టిరంగు గుడ్లు సాధారణంగా నాలుగు పెడుతుంది. వాటిని పొదగడానికి దాదాపు నెల పడుతుంది. వానాధారపు వేరుశనగ తీసేశాక చేను మళ్లీ తొలకరి దాకా ఊరికే పడి ఉండేది. ఇప్పుడు బోరు, డ్రిప్పు వచ్చి ఆ ఎండాకాలమే టమోటాకు అసలు కాలమైంది. కాబట్టి వేటగాడికంటే, ఎండాకాలపు బీడు పోవడమే తీతువుకు పెద్ద ముప్పని నా వాదం. రైతును తప్పుపట్టలేం, వేరుశనగ ఇవ్వని డబ్బు ధర పలికిన ఏడాది టమోటా ఇస్తుంది.

పుంగనూరు

తీతువు అరుపు ఇంకా వినిపిస్తూనే ఉంది కదా, తగ్గిందెక్కడ అని నువ్వు అడగొచ్చు. పెద్ద పిట్ట ఏళ్ల తరబడి బతుకుతుంది. అది అరుస్తున్నంత మాత్రాన పిల్లలు దక్కాయని చెప్పలేం. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదికలో, దీర్ఘకాలపు లెక్క తేలిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి. గడ్డిభూములనే నమ్ముకున్నవి సగానికి పైగా పడిపోయాయి. తీతువుకు చుట్టమైన పిట్ట బ్రిటన్‌లోనూ సగానికి పైగా తగ్గింది. వసంతంలో వేసే పైర్ల బదులు శరత్కాలంలో వేసేవి పెరగడం దానికొక ముఖ్య కారణమని అక్కడ తేల్చారు. అక్కడ పైరు కాలం మారడం పిట్టకు చేటైంది, ఇక్కడా అదే జరుగుతోందని నా అనుమానం. పైరు రాని బీడుకూ ముప్పు తప్పలేదు. పుంగనూరు పొట్టి ఆవుకు ఇప్పుడు రాష్ట్రమంతటా గిరాకీ, అది మేసిన బీడు మాత్రం రికార్డుల్లో బంజరు. బంజరంటే మొక్కలు నాటాలనే మన అధికారుల ఆలోచన. చెట్టు పెరిగితే కాకికి కొమ్మ దొరుకుతుంది, కింద గుడ్లు దానికి దొరుకుతాయి.

కుప్పం

హంద్రీ-నీవా కాలువ నీళ్లు ఇక్కడికి వచ్చాయి; చెరువులు నిండితే నీటి పక్షులకు మేలే కదా అంటారు. మేత వరకు నిజం. కానీ నీళ్లలో మేసే పిట్టలు కొన్ని గట్టున నేల మీద గుడ్లు పెడతాయి; ఎండాకాలంలో నీటిమట్టం ఒక్కసారిగా పెరిగితే గుడ్లు మునుగుతాయి. ఎండిన చెరువులో పూడికతీత కూడా అదే కాలంలో జరుగుతుంది. కూలీల వేసవి పని ఆపమనడం అన్యాయం, చెరువు ఎండేది అప్పుడే మరి. ఆపక్కరలేదు. ఒక కొస నుంచి మొదలుపెట్టి, పిట్టలు గుడ్లు పెట్టిన మూలను చివరికి ఉంచితే చాలు. ఆ నెలలో పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని నడిచి వెళ్లిపోతాయి. బ్రిటన్‌లో నాటకుండా వదిలిన చెక్కకు రైతుకు డబ్బిస్తారు; ఇక్కడ ఆ మూలను చివరికి ఉంచడానికి పైసా ఖర్చు లేదు. ఈసారి మన ఊరి గ్రామసభలో చెరువు పని మాట వచ్చినప్పుడు, నాన్నచేత ఈ సంగతి అడిగించు.