చదువు కూలి

మాది దొరవారిసత్రం పక్కన మాదిగపల్లె. నేలపట్టు చెరువుకి గూడబాతులొచ్చే కాలంలో మాయమ్మ నాట్లకి పొయ్యేది. 2005లో ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకని రాజీవ్‌గాంధీ ఫెలోషిప్పు మొదలైనాక మాబోటోళ్లం ఇంకొందరం పీహెచ్‌డీ దాకా పోగలిగాం. నాకూ ఒక ఫెలోషిప్పు వచ్చింది. "చదివేదానికి కూడా డబ్బిస్తారా నాయనా?" అంది అమ్మ.

ఇచ్చారు, నెలలు నెలలు ఆపి. తోటివాళ్లు సెమినార్లకి పోయి పేపర్లు రాస్తుంటే, నేను మెస్సు బాకీకి ట్యూషన్లు చెప్పుకున్నా. ఉద్యోగం ఇంటర్వ్యూలో "పేపర్లు ఇన్నేనా?" అన్నారు. ఆగిపోయిన ఆ నెలల్ని ఏ బయోడేటాలో రాసేది?

2016 జనవరి 17న పోయిన రోహిత్ వేముల, ఏడు నెలల ఫెలోషిప్పు 1,75,000 రూపాయలు రావాలని ఆఖరి ఉత్తరంలో లెక్క రాసిపెట్టాడు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

మాయమ్మ ఏ రోజు కూలి ఆ రోజే, పొద్దుగూకేలోగా అడిగి తెచ్చుకునేది. నేనేమో అడగడానికి సిగ్గుపడ్డా. చదువూ కూలేనని నాకు ఆలస్యంగా తెలిసింది.