తర్రెం ధూళి - నా కెమెరా

ధూళికీ నా ఉద్యోగానికీ తొలినాటి నుండి చుట్టరికం ఉన్నది. 1990లో టెలికాం శాఖలో చేరినపుడు నా మొదటి నియామకం ఒక స్ట్రోజరు ఎక్స్ఛేంజిలో జరిగింది. స్విచ్ రూములోకి చెప్పులతో ప్రవేశించడం నిషిద్ధం. గుమ్మం బయట వరుసగా విడిచిన చెప్పులను చూచి, కొత్తగా వచ్చినవారు లోపల ఏదో పూజ జరుగుతున్నదని భ్రమపడేవారు. సెలెక్టర్ల లోహపు వేళ్ళు కాంటాక్టుల మీద కదిలేచోట ఒక నలుసు పడినా చాలు, మాట్లాడేవారి చెవిలో గరగరమని మోత. మా సీనియర్ టెక్నీషియన్ గారు ఆ మోతను విని, ధూళి ఏ వరుసలో చేరిందో చెప్పగలిగేవారు. ఆ యంత్రాలు మూలపడి చాలా కాలమైనది. ధూళిని పసిగట్టడం నాకు తెలుసుననే గర్వం మాత్రం నాలో మిగిలిపోయింది. ఆ గర్వం 2024 మార్చి నెలలో తర్రెంలో దిగిపోయింది.

తర్రెం ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బీజాపూర్ జిల్లాలో ఉన్నది. బీజాపూర్ నుండి ఆవపల్లి, బాసగూడల మీదుగా వెళ్ళాలి. బాసగూడ దగ్గర పారే తాలిపేరు నదియే దిగువకు వచ్చి మన చర్ల వద్ద ప్రాజెక్టుగా నిలుస్తుంది. అందువలన ఆ అడవి మనకు మరీ పరాయిది కాదు. గోండి, దొర్లీ మాటల నడుమ తెలుగు పలుకులు వినవస్తూనే ఉంటాయి. 2021 ఏప్రిల్ 3న ఈ ప్రాంతంలో జరిగిన ఎదురుకాల్పులలో 22 మంది భద్రతా సిబ్బంది మరణించినపుడు తర్రెం పేరు దేశమంతటా వినిపించింది. మరుసటి సంవత్సరం జూలైలో, మొబైల్ సౌకర్యం లేని 24,680 గ్రామాలకు 4జీ సేవలు అందించేందుకు 26,316 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఆ ప్రాంతంలోని ఒక టవరు తనిఖీ నిమిత్తం నేను వెళ్ళాను. నా ప్రయాణపు వార్త విని ఇంట్లో మా ఆవిడ రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. అది వేరే కథ.

నలభై మీటర్ల టవరు ఎక్కే వయస్సు నాకు దాటిపోయినది. మోకాళ్ళు చేయని పనిని కెమెరా చేత చేయించడం కొన్నేళ్ళుగా నాకు అలవాటు. పొడవాటి లెన్సు అమర్చి, కింద నుండే ప్రతి జోడింపునూ ఫోటో తీసి, రాత్రి ల్యాప్‌టాప్‌లో పెద్దదిగా చేసి పరీక్షిస్తాను. ఆనాడు రోడ్డు పక్కన జీపు దిగీ దిగగానే లెన్సు మార్చాను. కెమెరా నోరు ఆకాశం వైపు తెరుచుకొని ఉన్నది. అదే క్షణంలో కంకర లారీ ఒకటి దాటిపోయింది. ఎర్రమట్టి రోడ్డు, మార్చి ఎండ. ఆ తరువాత సంగతి చెప్పనక్కరలేదు. చొక్కా దులుపుకున్నాను గాని కెమెరా లోపలి మాట తలంపునకు రాలేదు.

ఆ రాత్రి బీజాపూర్ గదిలో ఫోటోలు చూస్తుండగా, పై నుండి మూడవ జోడింపు వద్ద గస్సెట్ ప్లేటు మీద గుండ్రని నల్లటి మచ్చ కనిపించింది. బోల్టు లేని రంధ్రం అనుకున్నాను. అనుకొని ఊరుకుంటే బాగుండేది. నివేదికలో "ఒక బోల్టు లేదు" అని వ్రాసి, కాంట్రాక్టరు తరఫు సూపర్వైజరును పిలిచి చూపించాను. ఆయన ఫోటో వంక రెప్పపాటు చూచి, "ఆ కుర్రవాడి పనే సార్. వాడి వారం కూలి ఆపేస్తాను" అన్నాడు. నేను వారించలేదు.

ఆ కుర్రవాడు చర్ల వైపు వాడు, ఇరవై రెండేళ్ళుంటాయి. మర్నాడు ఉదయం నా ఎదుట నిలబడి, "అన్నీ నేనే బిగించిన సారూ, ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే" అన్నాడు. "ఫోటోలో కనిపిస్తున్నది గదా బాబూ" అన్నాను. అతడు మరి మాట్లాడక బెల్టు కట్టుకొని ఎక్కసాగాడు. అంత ఎత్తున, ఎండలో కాగే ఇనుము మీద నిలిచి, స్పానరుతో ఆ బోల్టు తలను కొట్టాడు. ఖంగుమన్న శబ్దం కింద ఉన్న మా అందరికీ వినిపించింది. "ఉన్నది సారూ!" అని పైనుండి కేక.

అప్పటికీ నాకు నమ్మకం కలుగలేదు. మళ్ళీ ఫోటో తీశాను. ఈసారి ప్లేటు శుభ్రంగా, బోల్టుతో సహా కనిపించింది. రంధ్రం మాత్రం దాని పక్కన, ఖాళీ ఆకాశంలో ఉన్నది! కెమెరాను కొంచెం జరిపి మరొకటి తీస్తే, రంధ్రం కూడా జరిగింది. ఇక చెప్పేదేమున్నది? ఆ మచ్చ టవరులో లేదు, నా చేతిలో ఉన్నది.

ఇంజనీరునై ఉండి ఆలస్యంగా ఆలోచించిన విషయం ఇది. ఫిల్ము కెమెరాలో ప్రతి చిత్రానికీ ఫిల్ము కొత్త భాగం ముందుకు వస్తుంది. మీద పడిన నలుసు దానితోపాటే వెళ్ళిపోతుంది. డిజిటల్ కెమెరాలో అన్ని చిత్రాలకూ సెన్సార్ ఒక్కటే. నా కెమెరాలో అది సుమారు 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో రెండు కోట్ల నలభై లక్షల చుక్కలు. ఒక్కొక్క చుక్క దాదాపు 4 మైక్రాన్లు. 40 మైక్రాన్ల ధూళికణం, అంటే మన తలవెంట్రుక మందం కన్నా సన్ననిది, అడ్డంగా పది చుక్కలను కప్పివేస్తుంది. నిజానికి అది కూర్చునేది సెన్సార్ మీద కాదు, దాని ముందున్న గాజు ఫిల్టరు మీద. దాని నీడ మాత్రమే మనకు చిత్రంలో కనిపిస్తుంది. ట్యూబులైటు కింద చేయి చాపితే నీడ పలచగా చెదిరిపోతుంది, ఎండలో చాపితే గీత గీసినట్లు పడుతుంది గదా. ఎపర్చరు పెద్దదిగా ఉంటే ధూళి నీడ చెదిరి మాయమవుతుంది, చిన్నదైతే చిక్కబడుతుంది. టవరు అంతా స్పష్టంగా రావాలని నేను ఎఫ్/22 దగ్గర పెట్టాను. ఆకులు, కొమ్మలు ఉన్న ఫోటోలలో మచ్చ కలిసిపోయింది. నున్నటి ప్లేటు మీద మాత్రం రంధ్రమై కూర్చున్నది.

ఫోటోలు తీసే మిత్రులకు, మన పిల్లలకు పనికివస్తుందని శుభ్రపరిచే విధానం కూడా చెబుతాను. ముందుగా ఎఫ్/22 వద్ద తెల్లటి గోడనో ఆకాశాన్నో ఫోకస్ తప్పించి ఫోటో తీస్తే ఉన్న మచ్చలన్నీ బయటపడతాయి. లెన్సు తీసి ఎదురుగా చూచినపుడు, చిత్రంలో పైన ఉన్న మచ్చ సెన్సార్ మీద కింద ఉంటుంది. కుడి ఎడమలు మారవు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే అద్దాన్ని పైకి లేపాలి, లేకుంటే మధ్యలో అది పడిపోతుంది. కెమెరా నోరు నేల వైపు ఉంచి రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టాలి. నోటితో మాత్రం ఊదరాదు, ఉమ్మి తుంపరలు ధూళి కన్నా మొండివి. డబ్బాలలో అమ్మే గాలి కూడా వద్దు, అందులోని ద్రవం గాజు మీద చిందవచ్చు. గాలికి పోని మరకకు సెన్సార్ వెడల్పుకు సరిపోయే స్వాబు, దానికై అమ్మే ద్రవం రెండు చుక్కలు, ఒకే వైపు ఒకే తుడుపు. వాడిన స్వాబును తిరిగి వాడితే నలుసు గాజును గీరుతుంది. ఒలింపస్ సంస్థ 2003లో తెచ్చిన ఇ-1 కెమెరాలో ఫిల్టరునే అతివేగంగా కంపింపజేసి ధూళి రాల్చే ఏర్పాటు చేసింది. ఇప్పుడు చాలా కెమెరాలలో అటువంటిది ఉన్నది. నా కెమెరాలోనూ ఉన్నది. తర్రెం ఎర్రమట్టికి అది చాలలేదు. ఇప్పుడు నేను లెన్సు మార్చవలసి వస్తే కెమెరా ఆపి, జీపు అద్దాలు ఎత్తి, నోరు కిందికి ఉంచి మారుస్తున్నాను.

ఆ కుర్రవాడు దిగి వచ్చేసరికి చొక్కా అంతా తడిసి ఉన్నది. కెమెరా తెర మీద ఆకాశంలోని రంధ్రాన్ని చూపించి, "తప్పు నాదయ్యా" అన్నాను. అతడు చూచి నవ్వాడు. "గింత దుమ్ముకేనా సారూ, నన్ను మళ్ల ఎక్కించిండ్రు?" అన్నాడు. సూపర్వైజరు ఎదుటనే నివేదికలో ఆ వాక్యం కొట్టివేసి సంతకం పెట్టాను. వారం కూలి అతని చేతిలో పడేదాకా అక్కడే కూర్చున్నాను. బయలుదేరబోతుంటే, టవరు ముందు నిలబడిన ఫోటో ఒకటి తీయమన్నాడు, వాళ్ళ అమ్మకు పంపడానికట. తీశాను. హైదరాబాదు చేరగానే ప్రింటు వేయించి చర్లకు పోస్టు చేశాను. కెమెరా శుభ్రం చేసిన తరువాత ఎప్పుడో ఆ ఫోటో మళ్ళీ తెరిచి చూస్తే, అతని తలకు కొంచెం పైన అదే మచ్చ. కంప్యూటరులో దానిని తీసివేయడం రెండు నిమిషాల పని, కాని అప్పటికే ప్రింటు వాళ్ళ ఇంటికి చేరిపోయింది.