మా భోగికి ఉప్పులేని సకినాలు

"ఎన్ని తిన్నది?"

డాక్టర్ సార్ అడిగిన మొదటి ప్రశ్న అదే. మా బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పిడికెడు ఉంటయేమో సారూ" అంది. పిడికెడు కిస్‌మిస్‌లు. గరిజెల్లోకని తెచ్చినవి.

పోయినేడు సంక్రాంతి సంగతి ఇది. మా ఇంట్లో ఒక కుక్క ఉంది. నాలుగేళ్ల కింద భోగి రోజు పొద్దున్నే మా గేటు పక్కన వణుక్కుంటూ దొరికింది కాబట్టి పేరు భోగి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తా. అమ్మ, బాపు పనులకు పోతే మెట్‌పల్లి ఇంట్లో పగలంతా మిగిలేది బాపమ్మ, భోగి. ఇద్దరూ ఒకే గడపలో కూర్చుంటారు. ఆమె ఏది తింటే అందులో ఒక ముక్క వాడికి పోవాల్సిందే.

ఆ రోజు గరిజెల్లోకి పుట్నాల పొడి, చక్కెర, కొబ్బరి కలుపుతూ బాపమ్మ మురిపెంగా కిస్‌మిస్‌లు తీసి వాడి ముందు పోసింది. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. తెల్లారి లేవలేదు, నీళ్లు ముట్టలేదు. పక్కనే కోరుట్లలో వెటర్నరీ కాలేజీ ఉండటం మా అదృష్టం. పండుగ పూట ఆటో మాట్లాడుకుని ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాం.

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయని నాకు అప్పుడే తెలిసింది. ఎన్ని తింటే ప్రమాదమో ముందే చెప్పలేరట. కొన్ని కుక్కలకు నాలుగు తిన్నా కష్టమే, కొన్నింటికి ఏమీ కాదు. అందుకే అస్సలు పెట్టొద్దంటారు. ఒకటి రెండు రోజుల్లోనే కిడ్నీలు పనిచేయడం ఆగిపోవచ్చు. మా వాడికి రెండు రోజులు సెలైన్ ఎక్కించారు, రక్తపరీక్షలు చేశారు. మూడో రోజు తోక ఊపాడు. గండం గడిచింది.

కానీ బాపమ్మ మాత్రం మామూలు మనిషి కాలేదు.

"నా చేతులార పెట్టిన బిడ్డా. పిలగాండ్లకు పెట్టినట్టే పెట్టిన. నాకేం ఎర్క?" అని ఒకటే ఏడుపు. నిజమే, మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్ద ఫోన్ పట్టుకుని తిరిగే నాకే తెలియదు. అయినా ఆమె ఆ రోజు నుంచి భోగికి ఏమీ పెట్టడం మానేసింది. వాడు వచ్చి పక్కన కూర్చుంటే, "పో, నా కాడికి రాకు" అని లేచి లోపలికి పోయేది. వాడేమో తలుపు దగ్గరే ముక్కు ఆనించి పడుకునేవాడు. వీడియో కాల్‌లో చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది. ఇలా దాదాపు ఏడాది.

అందుకే ఈసారి సంక్రాంతికి ఒక ప్లాన్‌తో వచ్చా. భోగికి పనికొచ్చే పండుగ పిండివంట చేయాలి, అదీ బాపమ్మ చేతులతో. ముందు డాక్టర్‌కు ఫోన్ చేసి ఏం వాడొచ్చో, ఏం వాడకూడదో రాసుకున్నా.

వాడకూడనివి చూస్తే మన పండుగ వంటిల్లు సగం అందులోనే ఉంది. కిస్‌మిస్ సరే. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పచ్చివైనా, వండినా, పొడి చేసినా ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. చాక్లెట్ గుండెను, నరాలను దెబ్బతీస్తుంది. షుగర్ ఫ్రీ అని రాసి ఉన్న చూయింగ్ గమ్, కొన్ని పల్లీ బటర్‌లలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది కొంచెం పోయినా కుక్క రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది చింతపండు. ద్రాక్షలో విషమయ్యేది టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో అమెరికాలోని పశువైద్య నిపుణులు చెప్పారు. అదే ఆమ్లం చింతపండులో బోలెడు. అంటే పులిహోర కూడా వద్దు. ఉడికిన బొక్కలు పగిలి పేగుల్లో గుచ్చుకుంటాయి. మన వైపు ఎక్కడ చూసినా కనిపించే మక్క కంకి బెండు మింగితే పేగుకు అడ్డం పడి ఆపరేషన్ దాకా పోవచ్చు.

ఇక చేసిన సంగతి చెప్తా. కప్పు జొన్నపిండి, అరకప్పు ఉడికించి మెదిపిన గుమ్మడికాయ, ఒక కోడిగుడ్డు, ఇంట్లోనే వేయించి దంచిన పల్లీల పొడి ఒక చెంచా. ఉప్పు, చక్కెర, బెల్లం, నూనె ఏవీ లేవు. మొదటిసారి గుడ్డు లేకుండా చేస్తే ముద్ద విరిగిపోయింది, కాల్చినవేమో రాళ్లయ్యాయి. గుడ్డు వేశాకే పిండి దారికొచ్చింది.

బాపమ్మ దూరంగా కూర్చుని చూస్తూనే ఉంది. ఉండబట్టలేక అడిగింది. "ఉప్పు లేదు, తీపి లేదు. గిదేం తిండే బిడ్డా?"

"వాడికి మన నాలుక లేదు కదా బాపమ్మా."

"చిటికెడు పసుపన్నా ఎయ్యి."

పసుపు పండే ఊరి మనిషి మరి! చిటికెడైతే పర్వాలేదని డాక్టర్ చెప్పాడు, వేశా. తర్వాత నేను ఉండలు ఒత్తుతుంటే ఆమెకు ఆగలేదు. "జరుగు" అంటూ చేయి కడుక్కుని వచ్చింది. సకినాలు చుట్టే చేతులు కదా, ఆ పిండినే వేళ్లతో సన్నగా తాడులా చేసి చిన్న చుట్టలు చుట్టింది. రూపాయి బిళ్లంత సకినాలు! మందపాటి పెనం మీద సన్న మంటకు, తిప్పుకుంటూ ఇరవై నిమిషాలు కాల్చాం. లోపల తడి లేకుండా కాలాలి. పూర్తిగా చల్లారాక డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాం. వారం లోపు వాడేయాలి.

ఎన్ని పెట్టాలనేది కూడా ముఖ్యమే. ఇలాంటి చిరుతిండి మొత్తం కలిపి కుక్క రోజు తిండిలో పదో వంతు దాటొద్దు. మా వాడికి రోజుకు రెండు అనుకున్నాం. మీ ఇంటి కుక్కకు షుగర్, కిడ్నీ సమస్య లాంటివి ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు డాక్టర్‌ను అడగండి. కొత్త తిండి ఏదైనా మొదట ఒక్క ముక్కే పెట్టి ఒకరోజు చూడండి.

భోగి నాడు సాయంత్రం మొదటి సకినం బాపమ్మ చేతికిచ్చా. ఆమె చాలాసేపు దాన్ని అట్లనే పట్టుకుంది. "ఏం గాదు గదా?" అని మూడుసార్లు అడిగింది. చివరికి గడపలో కూర్చుని, చేయి చాపింది. వాడు ముందు ఆమె చేయి నాకి, ఆ తర్వాతే సకినం తీసుకున్నాడు. కరకర నమిలి, ఆమె ఒళ్లో తల పెట్టాడు. ఈసారి ఆమె లేచిపోలేదు.

నేపాల్‌లో దీపావళి రోజుల్లో కుకుర్ తిహార్ అని కుక్కలకే ఒక పండుగ రోజు ఉంటుంది. దండ వేసి, బొట్టు పెట్టి, కడుపునిండా తిండి పెడతారు. మనమూ కనుమకు పశువులను కొలుస్తాం కదా. ఆ మరుసటి రోజు బాపమ్మ వాడికి బొట్టు కూడా పెట్టింది. అది నేను చెప్పింది కాదు.

హైదరాబాద్ వచ్చి నెల దాటింది. నిన్న బాపమ్మ ఫోన్ చేసింది. నేను తిన్నానా లేదా అని కూడా అడగలేదు. "బిడ్డా, మోరంగడ్డ ఉడకబెట్టి పెడితే దానికేమన్నయితదా?"

ఏం కాదు, ఉప్పు వేయకు అని చెప్పా.