పల్లేరుకాయల మైదానం

అమెరికాలో మిచిగాన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా మనవడు ఒక శనివారంనాడు, "తాతా, మా కాలేజీ ఫుట్‌బాల్ చూద్దువుగాని రా" అని నన్ను బయల్దేరదీశాడు. 1927లో కట్టిన స్టేడియమట. లక్షమందికి పైగా పడతారు. ఒక కాలేజీ పిల్లల ఆట చూడడానికి లక్షమంది! మా ఊరి తిరునాళ్ళకు కూడా అంత జనాన్ని నేను చూసి ఎరుగను.

ఆ ఆటను ఫుట్‌బాల్ అని ఎందుకంటారో సాయంత్రందాకా నాకు బోధపడలేదు. బంతి రెండు కొనలూ మొనదేలి ఉంటుంది. కాలికి తగిలేది ఎప్పుడో ఒకసారి; తక్కినదంతా చేతుల మీదనే. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, జరగలేకపోతే బంతి అవతలివాళ్ళ పాలు. ఆగస్టు చివర మొదలుపెట్టి నవంబరుదాకా పన్నెండు ఆటలు ఆడతారని మావాడు చెప్పి, "నువ్వూ కాలేజీ టీములో ఆడావు కదా, మీ సీజను ఎట్లా ఉండేది?" అన్నాడు.

"అనంతపురంలో మాకు తెలిసిన సీజను శెనక్కాయల సీజనొక్కటేరా" అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను గాని, ఆ తరువాత ఆట మీద నా మనసు నిలవలేదు.

అది 1965. ఊళ్ళో 1916లో వెలసిన పాత కాలేజీ ఉంది, 1946లో మంజూరైన ఇంజనీరింగు కాలేజీ ఉంది. నేను చదివింది ఎక్కడో చెప్పను. మైదానం మీద నాకు కొంత నిష్ఠూరం ఉంది గనక. మైదానమంటే కంకర నేల. గడ్డి అన్నది కంటికి కూడా కనబడదు. మా జిల్లాకు నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్యపు మబ్బులు తూర్పు తీరం దాటి మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఏడాది మొత్తానికి యాభై అయిదు సెంటీమీటర్లు పడితే పడినట్టు. ఆ కాస్త తడికీ మైదానంలో మొలిచేవి పల్లేరు తీగెలే. ఆటకు ముందు పదకొండుగురమూ వరసగా కూర్చుని పల్లేరుకాయలు ఏరేవాళ్ళం. అయినా ఏదో ఒకటి మిగిలి, తోలుబంతి లోపలి బ్లాడరును పొడిచేది.

మా సెంటర్ ఫార్వర్డుకు బూట్లు లేవు. కల్యాణదుర్గం అవతల మెట్టపొలాల ఊరు వాడిది. 1948 లండన్ ఒలింపిక్సులో మనవాళ్ళు చాలామంది ఒట్టికాళ్ళతో ఆడి ఫ్రాన్సు చేతిలో 2-1తో మాత్రమే ఓడారని ఎవరో చెబితే, అదే వాడికి వేదమైంది. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా మన మీద పది గోల్సు వేసిన సంగతి చెప్పినా చెవిని పెట్టేవాడు కాదు. వాడి ట్రంకుపెట్టె మూతకు లోపల, 1962లో జకార్తాలో కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన మన జట్టు బొమ్మ అంటించి ఉండేది. అందులో బలరామ్, తంగరాజ్, యూసుఫ్‌ఖాన్ మన హైదరాబాదు, సికిందరాబాదు గడ్డ మీద ఎదిగినవాళ్ళే. శిక్షణ ఇచ్చిన రహీమ్‌గారు బడిపంతులు. "అయివారు నేర్పితే అంత ఆట వచ్చిందంటే చూడరా" అనేవాడు వాడు.

ఆ ఏడు వానలు పూర్తిగా ముఖం చాటేశాయి. దసరా సెలవులకు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. తిరుపతిలో విశ్వవిద్యాలయం పోటీలు దగ్గరపడ్డాయి. వాణ్ణి తీసుకురమ్మని నన్ను పంపారు. పంపారనడం కూడా సరికాదు, నేనే పోతానన్నాను.

బస్సు దిగి రెండు క్రోసులు నడిచాను. వాళ్ళ కొట్టం ఖాళీగా ఉంది. మేత లేక ఎద్దుల్ని అమ్మేశారట. ఊరి బయట కరువు పనిలో తండ్రీ కొడుకూ రోడ్డుకు కంకర కొడుతున్నారు. ఎండలో వాళ్ళను చూసి కూడా, "మూడే మూడు దినాలు" అన్నాను నేను.

వాడు మాట్లాడలేదు. తండ్రి సుత్తి పక్కన పెట్టి, "పోయిరానీలే నాయనా. మూడు దినాలే గదా" అన్నాడు. తల్లి ఇన్ని శెనక్కాయలు వేయించి గుడ్డలో మూటకట్టి ఇచ్చింది.

ధర్మవరంలో బండి మారి పాకాల మీదుగా తిరుపతి పోయాం. ఆ శెనక్కాయలు కదిరి రాకముందే పదకొండుగురం ఊదేశాం. కమ్మగా ఉన్నాయిరా, ఇంకొన్ని తేకపోయావా అన్నాను. "విత్తనంకాయలు. వాన లేక విత్తలేదు" అన్నాడు వాడు కిటికీలోంచి బయటకు చూస్తూ. అప్పుడు ఆ మాట నాకు వినబడింది గాని ఎక్కలేదు.

మొదటి ఆట 2-1తో గెలిచాం. రెండు గోల్సూ వాడివే, ఒట్టికాళ్ళతోనే. ఆ రాత్రి వాణ్ణి భుజాలమీద ఊరేగించాం. ఓడి ఉంటే మర్నాడే బండెక్కేవాళ్ళం. గెలిచాం గనక రెండో ఆట కోసం ఆగాం. అందులో 3-0తో చిత్తుగా ఓడాం. మూడు దినాలు అయిదయ్యాయి. అంతటితో మా సీజను ముగిసింది.

వాడు ఊరు చేరేసరికి కరువు పని మస్టరులో వాడి పేరు కొట్టేశారు. సంక్రాంతి తరువాత కాలేజీకి రాలేదు. ట్రంకుపెట్టె కోసం ఒకసారి వచ్చాడు. నేను క్లాసులో ఉన్నానట.

అమెరికా నుంచి వచ్చాక వాణ్ణి చూడబోయాను. ఇద్దరమూ కర్రల మీద నడిచే వయసు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌గారి సంస్థ మైదానాల్లో ఇప్పుడు ఆడపిల్లలు కూడా బూట్లు వేసుకుని ఫుట్‌బాల్ ఆడుతున్నారని వాడే చెప్పాడు. ఆ అయిదు దినాల సంగతి అడగాలనే నేను పోయింది. మిచిగాన్ స్టేడియం గురించి చెప్పడంలోనే పొద్దుపోయింది.

"లచ్చ మందా! పల్లేరుకాయలున్నాయా ఆడ?" అన్నాడు.

"లేవు. నున్నటి పచ్చిక. అదీ నిజం గడ్డి కాదు, ప్లాస్టిక్కుదట."

కాసేపు ఆలోచించాడు.

"అయితే ఎద్దులకు పనికిరాదులే" అన్నాడు.